‘ఇన్‌కార్నడైన్’ అనే ఒక్క మాటతో చూసిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు

నిఘంటువును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి సమీక్ష రాసేవారు ఉండరు. ఎవరికి వారు తమకు తగిలిన నాలుగు గడ్డు మాటలను అందులో వెతికి, అవి దొరికిన తీరును బట్టి దాని మంచిచెడ్డలు తేల్చుకుంటారు. నేను అంతకన్నా ఇరుకైన దారి పట్టి, ఒకే ఒక్క మాటను పట్టుకుని రెండు సంపుటాల షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని పరీక్షించాను. ఆ మాట ‘ఇన్‌కార్నడైన్’, అంటే ఎరుపు, ఎర్రగా చేయు అని. ఇంగ్లీష్ దినపత్రికలో ఇది దాదాపుగా కనిపించదు, పోటీ పరీక్షల గైడ్లకు దీనితో పని లేదు. నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీష్ సాహిత్యం చెప్పే నాకు మాత్రం షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ పాఠం వచ్చినప్పుడల్లా రెండో అంకం రెండో రంగంలో ఇది ఎదురవుతుంది. దీన్ని దాటవేసి ముందుకు పోతే ఆ నాటకంలోని ఒక గొప్ప వాక్యం పిల్లలకు అందకుండా పోతుంది.

ముందుగా వస్తువు గురించి చెప్పాలి. నా దగ్గర ఉన్నది 2007లో వచ్చిన ఆరో కూర్పు. హైదరాబాదులో పాత పుస్తకాల దుకాణంలో కొన్నాను. రెండు సంపుటాలూ కలిపి మూడున్నర వేల పేజీలకు పైనే ఉంటాయి. పేరులో ‘షార్టర్’ అని ఉన్నందుకు ఇది సంచిలో వేసుకుని క్లాసుకు తీసుకుపోయే పుస్తకం అనుకోకూడదు. 20 సంపుటాల ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువుతో పోల్చినప్పుడే ఇది పొట్టిది, బల్ల మీద పెట్టి చూస్తే ఎంతమాత్రం పొట్టిది కాదు. 1700 తర్వాత వాడుకలో ఉన్న ఇంగ్లీషునంతా పట్టుకోవడం, అంతకు ముందువాళ్లలో షేక్‌స్పియర్, మిల్టన్, 1611 నాటి బైబిల్ అనువాదం వంటి వాటి పదజాలాన్ని కలుపుకోవడం దీని కొలత. సాహిత్యం చదివేవారికి ఇది పనికొస్తుందని చెప్పడానికి సగం కారణం ఆ కొలతలోనే ఉంది.

ఇక ఆ మాట దగ్గరికి వద్దాం. మొదటి సంపుటంలో దీని కింద ఉన్న వివరణ కొన్ని పంక్తులే, అయినా ప్రతి పంక్తిలోనూ సరుకుంది. మాట పుట్టుకతో వివరణ మొదలవుతుంది. ఇది ఫ్రెంచి నుంచి వచ్చిందని, దాని వెనుక మాంసపు రంగును చెప్పే ఇటాలియన్ మాట ఉందని తెలుస్తుంది. ఇంకా వెనక్కి పోతే లాటిన్‌లో మాంసానికి ఉన్న ‘కారో’, ‘కార్నిస్’ అనే రూపాలు తగులుతాయి. మాంసాహార జంతువును చెప్పే ‘కార్నివోర్’, దేవుడు దేహం ధరించడాన్ని చెప్పే ‘ఇన్‌కార్నేషన్’ కూడా ఆ ఇంటివే. పునర్జన్మ సినిమాల పుణ్యమా అని ‘రీఇన్‌కార్నేషన్’ మా పిల్లలందరికీ తెలుసు. కాబట్టి కొత్త మాటకు పాత చుట్టాన్ని చూపించడానికి ఈ ఒక్క పంక్తి చాలు.

ఆ తర్వాత అర్థాలు వరుసగా వస్తాయి. విశేషణంగా ఇది 16వ శతాబ్దం చివరిలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు దీని అర్థం మాంసపు రంగు, అంటే తెల్లవారి చర్మం తాలూకు లేత గులాబీ. తర్వాతి కాలంలో ముదురు ఎరుపు, నెత్తుటి ఎరుపు అనే అర్థం వచ్చి చేరింది. క్రియగా, అంటే ‘ఎర్రగా చేయు’ అనే అర్థంలో, ఇది 17వ శతాబ్దం తొలినాళ్లలో కనిపిస్తుంది. ఇప్పుడు సాహిత్యంలో మాత్రమే వాడుతారని ఒక చిన్న సూచన కూడా ఉంది. అర్థాలను నేటి వాడుకలో ఏది ఎక్కువో దాని ప్రకారం కాకుండా, పుట్టిన క్రమంలో పేర్చడం ఈ నిఘంటువు పద్ధతి. లేత గులాబీ ముందు వచ్చి నెత్తుటి ఎరుపు వెనుక వచ్చిందని కంటికి కనబడగానే, మధ్యలో ఏం జరిగిందని అడగబుద్ధి పుడుతుంది. మధ్యలో జరిగింది మాక్‌బెత్. రాజును చంపి వచ్చిన మాక్‌బెత్ ఈ మాటను క్రియగా పలికాక, లేత రంగు పేరుకు నెత్తురు అంటుకుంది, మళ్లీ పూర్తిగా వదల్లేదు.

అమరకోశం కంఠతా వచ్చినవారికి ఈ మార్పును ఒక్క శ్లోకంతో చెప్పవచ్చు. ‘లోహితో రోహితో రక్తః శోణః కోకనదచ్ఛవిః, అవ్యక్తరాగస్త్వరుణః శ్వేతరక్తస్తు పాటలః’ అని అమరుడు ఎరుపులను విడదీశాడు. ఎర్ర తామర రంగు శోణం, ఇంకా తేటపడని ఎరుపు అరుణం, తెలుపు కలిసిన ఎరుపు పాటలం. ‘ఇన్‌కార్నడైన్’ పాటలంగా పుట్టి శోణంగా స్థిరపడిన మాట. విద్వద్గద్వాల అని పేరుపడిన గద్వాల సంస్థానం ఉన్న ప్రాంతం మాది. అమరం వల్లె వేయించే అలవాటు మా తాతల తరం దాకా బతికే ఉంది. ఇప్పటి పిల్లలకు ఆ శ్లోకం రాదు గానీ, ఒకసారి చదివి వినిపిస్తే ఈ మూడు ఎరుపుల తేడా ఇట్టే పట్టుకుంటారు. అమరుడు ఒక మాటను దాని పక్కనున్న మాటలతో నిర్వచిస్తే, షార్టర్ ఆక్స్‌ఫర్డ్ దాని ముందు వెనుకల కాలంతో నిర్వచిస్తుంది. రెండూ దగ్గర పెట్టుకుంటే పాఠం ఎక్కడా ఆగదు.

షేక్‌స్పియర్ కాలపు ప్రేక్షకులకు ఈ మాట మొదటి అర్థం ఎంత తెలుసో తేల్చడానికి ఆయనదే మరో నాటకం ఉంది. ‘హెన్రీ ది ఫిఫ్త్’ రెండో అంకం మూడో రంగంలో ఫాల్‌స్టాఫ్ అనే హాస్యపాత్ర చావు గురించి మాట్లాడుకుంటారు. ఆడవాళ్లు దేహం దాల్చిన దయ్యాలని అతను తిట్టేవాడని అక్కడి కుర్రవాడు ‘ఇన్‌కార్నేట్’ అనే మాట వాడి చెబుతాడు. పూటకూళ్ళమ్మకు అది ‘కార్నేషన్’ అని వినబడుతుంది. అవును, ఆ రంగు అతనికి ఎప్పుడూ నచ్చేది కాదు అని ఆమె అంటుంది. ఆ హాస్యం పండాలంటే చూసేవాళ్లకు దేహం, మాంసం, లేత ఎరుపు అనే మూడూ ఒకే గూటి మాటలని తెలిసి ఉండాలి. షార్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో ‘కార్నేషన్’, ‘ఇన్‌కార్నేట్’, ‘ఇన్‌కార్నడైన్’ మూడింటినీ తిరగేస్తే ఈ గూడు మొత్తం బయటపడుతుంది. ఇలా ఒక మాట నుంచి మరో మాటకు దాటుకుంటూ పోయే సుఖం అచ్చు పుస్తకంలో ఉన్నంతగా ఫోనులో నాకు ఎన్నడూ దొరకలేదు.

అయితే నిఘంటువు చేయలేని పని ఒకటుంది. అది చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. మహాసముద్రం నీళ్లన్నీ పోసినా నా చేతి నెత్తురు పోతుందా అని మాక్‌బెత్ తనను తాను అడుగుతాడు. పోదు, ఈ నా చెయ్యే అపార సముద్రాలను శోణితం చేస్తుంది, పచ్చదనాన్నంతా ఒకే ఎరుపు చేస్తుంది అని తనే జవాబు చెప్పుకుంటాడు. ఇంగ్లీషులో మొదటి పంక్తిలో ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడైన్’ అనే రెండు పొడుగాటి లాటిన్ జాతి మాటలు దొర్లుతాయి. వెంటనే వచ్చే ‘మేకింగ్ ది గ్రీన్ వన్ రెడ్’ అనే పంక్తి చిన్నచిన్న ఇంటి మాటలతో అదే విషయాన్ని మళ్లీ చెబుతుంది. మన కవులు నిడుపైన సంస్కృత సమాసం వేసి, దాని వెంటే అచ్చ తెలుగులో మాట విప్పి చెప్పినట్టుంటుంది ఇది. నేల మీద నిలబడి నాటకం చూసిన లండన్ కూలీకి మొదటి పంక్తి ఉరుములా వినబడి ఉంటుంది, రెండో పంక్తి అర్థమై ఉంటుంది. కఠిన పదానికి అర్థం కవే పక్కన పెట్టి ఇచ్చాడు. ఈ జంటను చూపించడం నాటకం చెప్పేవాడి బాధ్యత, నిఘంటువు పని కాదు.

ఈ పంక్తి చెబుతున్నప్పుడు దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి, “సార్, సముద్రం నీలంగ ఉంటది గద, ఈయన పచ్చగ అంటడేంది?” అని అడిగాడు. మంచి ప్రశ్న. షేక్‌స్పియర్‌కు సముద్రం ఆకుపచ్చ, మనకు నీలం. పైగా మన ‘పచ్చ’ పసుపును కూడా చెబుతుంది కాబట్టి, తెలుగులో చెప్పేటప్పుడు ఆకుపచ్చ అని తేటగా అనకపోతే సముద్రం పసుపుపచ్చగా మారే ప్రమాదం ఉంది. వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి, “అంటే నీళ్లన్నీ నెత్తురైతయన్నట్టా సార్?” అంది. నిఘంటువులోని ‘ఎర్రగా చేయు’ కన్నా ఆమె మాటే పంక్తికి దగ్గరగా ఉందని నాకు అనిపించింది.

ఆ రెండో పంక్తిలో విరామ చిహ్నం గొడవ కూడా ఉంది. షేక్‌స్పియర్ నాటకాలను కలిపి అచ్చువేసిన 1623 నాటి తొలి ఫోలియోలో ‘గ్రీన్ వన్’ తర్వాత కామా పెట్టి, ఆ తర్వాత ‘రెడ్’ అచ్చువేశారు. అలా చదివితే ‘ఆ ఆకుపచ్చదాన్ని ఎర్రగా చేస్తుంది’ అని మామూలు మాట అవుతుంది. తర్వాతి పరిష్కర్తలు కామాను జరిపి, ‘ఆకుపచ్చను, అంతటా ఒకే ఎరుపుగా’ అనే అర్థం వచ్చేలా చదివారు. చాలామంది నటులు పలికేది కూడా అలాగే. రెండో పాఠంలో సముద్రం ఎర్రబడడమే కాదు, ఎరుపు తప్ప మరేమీ మిగలని భయం ఉంది. నేను క్లాసులో ఆ పాఠాన్నే చెబుతాను. ఫోలియోలో ‘ఇన్‌కార్నడైన్’ వర్ణక్రమం కూడా నేటిలా లేదు, మధ్యలో మరో ‘ఆర్’ అక్షరం దూరి ఉంది. అచ్చుకూడంవాళ్లకే ఆ మాట కొత్తగా ఉందేమో అని నా ఊహ.

ఇదే మాటను మళ్లీ వెలుగులోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్. 1859లో తన పేరు లేకుండా అచ్చు వేయించిన ఒమర్ ఖయ్యాం రుబాయీల తొలి కూర్పులో, బుల్‌బుల్ పిట్ట గులాబీతో మద్యం, మద్యం, ఎర్ర మద్యం అని కూస్తుంది. గులాబీ పసుపు చెంపను ‘ఇన్‌కార్నడైన్’ చేయడానికే ఆ కూత. తర్వాతి కూర్పుల్లో పసుపు చెంప పాలిపోయిన చెంపగా మారింది గానీ, క్రియ మారలేదు. ఇక్కడ నెత్తురు లేదు, హత్య లేదు, చెంపకు ఎక్కిన ఎరుపే ఉంది. మాక్‌బెత్ దగ్గర క్రియ రూపాన్ని తీసుకుని, పాత లేత రంగు అర్థానికి దాన్ని దగ్గర చేశాడు ఫిట్జ్‌జెరాల్డ్. ఖయ్యాంను దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా తెలుగు చేసిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఖయ్యాం పేరు వినగానే మనకు తట్టే మత్తు వేరు, ఈ ఇంగ్లీష్ చరణంలోని ఎరుపు వేరు. షార్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో ‘ఎర్రగా చేయు’ అనే ఒక్క అర్థం కింద ఈ రెండు వాడుకలూ ఒదిగిపోతాయి. ఒకటి చంపిన చెయ్యి, ఇంకొకటి తాగిన చెంప అనే తేడా చదువరే తెలుసుకోవాలి.

నిఘంటువు చరిత్రను క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని గుణాలకూ దోషాలకూ మూలం అక్కడే ఉంది. 1857లో లండన్ భాషాశాస్త్ర సంఘం తలపెట్టిన మహానిఘంటువు తొలి భాగం 1884లో వెలువడి, పని 1928కి గానీ పూర్తి కాలేదు. దాన్ని కుదించే పని విలియం లిటిల్ అనే పండితుడు 1902లో మొదలుపెట్టి, 1922లో చనిపోయేదాకా చేశాడు. 1933లో షార్టర్ తొలి కూర్పు వచ్చింది. ఆ పాత కూర్పుల్లో ఒక మాట మొదట కనిపించిన సంవత్సరాన్ని అంకెల్లోనే ఇచ్చేవారు. 1993లో సమూలంగా తిరగరాసినప్పుడు ఆ పద్ధతి మార్చి, శతాబ్దాన్ని మూడు ముక్కలు చేసి, తొలి భాగానికి ‘ఇ’, నడిమికి ‘ఎం’, చివరికి ‘ఎల్’ అక్షరాలు పెట్టారు. అందువల్ల ‘ఇన్‌కార్నడైన్’ విశేషణం పక్కన ‘ఎల్ 16’, క్రియ పక్కన ‘ఇ 17’ అని ఉంటుంది. పండితులకు ఇది నిజాయితీ కావచ్చు. మాట నోట్లో పుట్టిన ఏడు ఎవరు చెప్పగలరు? పాఠం చెప్పేవాడికి మాత్రం ఇది చిరాకు. క్రియ 17వ శతాబ్దం తొలి ముప్పై ఏళ్లలో ఎప్పుడో పుట్టింది అనడానికీ, మాక్‌బెత్‌తో పుట్టింది అనడానికీ చాలా దూరం ఉంది. నా దృష్టిలో ఈ నిఘంటువుకున్న పెద్ద లోపం ఇదే.

మిగతా లోపాలు చిన్నవి. అచ్చు సన్నం, కాగితం పల్చన, నలభై దాటిన కళ్లకు అద్దాలతో పాటు మంచి దీపం కూడా కావాలి. సంకేతాక్షరాలు ఎక్కువ, ముందు పేజీల్లోని సూచనలు చదవకుండా లోపలికి పోతే విద్యార్థి తికమక పడతాడు. వాడుకలోంచి పోయిన మాట పక్కన చిన్న కత్తి గుర్తు పెడతారు. మాక్‌బెత్ గాలిలో వేలాడే కత్తిని చూసేది ‘ఇన్‌కార్నడైన్’ పలకడానికి ఒక్క రంగం ముందే కాబట్టి, ఆ గుర్తును మా పిల్లలు ఒకసారి చెబితే మరచిపోరు. 2007 కూర్పు వచ్చినప్పుడు దాదాపు 16,000 మాటల్లో హైఫన్‌లు తీసేశారని పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. ఐస్ క్రీమ్ రెండు ముక్కలైంది, తుమ్మెద జాతి బంబుల్‌బీ ఒకే ముక్కైంది. మన అవసరానికి అదేమంత పట్టించుకోవాల్సిన సంగతి కాదు.

తెలుగు చదువరికి దీని పక్కన ఏం ఉండాలన్నది ముఖ్యం. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషును ఇంగ్లీషులోనే విప్పుతుంది. పాటలమా, శోణమా, కెంజాయా అన్నది మనమే తేల్చుకోవాలి. అందుకు బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం నాకు బాగా పనికొచ్చింది. 1885లో వచ్చిన ఆ నిఘంటువు అర్థంతో పాటు కవుల ప్రయోగాలు కూడా ఇస్తుంది కాబట్టి, ఏ ఎరుపు ఏ సందర్భానికి నప్పుతుందో అందులో తేలుతుంది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకే చోట చాలా నిఘంటువులను ఉచితంగా వెతకవచ్చు, ఊళ్లో ఉన్న విద్యార్థికి ఫోనులోనే అందుబాటు. ఫోనులో దొరికే ఉచిత ఇంగ్లీష్ నిఘంటువులు కూడా తీసిపారేయదగినవి కావు. పలకడం ఎలాగో వినిపిస్తాయి, తక్షణ అర్థం చెబుతాయి. ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి అవి చాలు, ఈ రెండు సంపుటాల బరువు వారు మోయనవసరం లేదు.

కొనదగినవారు ఎవరంటే, ఇంగ్లీష్ సాహిత్యంలో ఎంఏ చేసేవారు, అనువాదాలు చేసేవారు, పాత కవిత్వం చెప్పే అధ్యాపకులు. కొత్త ప్రతి ధర జీతగాడికి కూడా ఆలోచించి కొనాల్సినంత ఉంటుంది. పాత ప్రతి వెతుక్కోవడమే మేలు. 1993కు ముందరి కూర్పు దొరికితే దాన్ని వదులుకోవద్దు, తేదీలు అంకెల్లో ఉంటాయి. ఆధునిక పదాలు కావాలంటే మాత్రం 2002 లేదా 2007 కూర్పు చూసుకోవాలి. పాత పుస్తకాల దుకాణాల్లో రెండు సంపుటాలు విడిపోయి ఒకటే దొరకడం మామూలు. బేరం ఆడేముందు రెండూ ఒకే కూర్పువేనా, కుట్టు వదిలిందా, మధ్యలో పేజీలు ఊడాయా చూసుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల గ్రంథాలయాలకు నాదొక విన్నపం: ఇలాంటి పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లల చేతికి అందేలా కిటికీ పక్క బల్ల మీద పెట్టించండి.